సుడిగాలితో పెట్రోలు ఆదా అవుతుందా?

నేడు సామాన్య కుటుంబాల నెలవారీ ఖర్చులలో పెట్రోలు ఒక పెద్ద పద్దుగా మారినది. మన దేశానికి కావలసిన ముడి చమురులో 80 శాతానికి పైగా విదేశాల నుండి దిగుమతి చేసుకోవలసి వస్తున్నది. కావున పెట్రోలును పొదుపు చేస్తుందని చెప్పే ఏ పరికరానికైనా ప్రజలలో సులభంగా ఆదరణ లభించడంలో ఆశ్చర్యం లేదు. అటువంటి పరికరాలలో పేర్లు, రూపులు మార్చుకుంటూ దశాబ్దాల తరబడి అమ్ముడవుతున్నది ఒకటి కలదు. అది ఇంజనులోనికి పోయే గాలిని సుడి తిప్పే పరికరం.

దీని నిర్మాణం అతి సరళం. పలుచని రేకుతో చేసిన ఒక చిన్న వలయం, దానిలో ఫ్యాను రెక్కల వలె వంపు తిరిగిన కొన్ని రేకులు. కొన్నింటిని ఎయిర్ ఫిల్టరుకు, కార్బురేటరుకు మధ్యనున్న గొట్టంలో అమర్చుతారు. మరికొన్నింటిని కార్బురేటరుకు క్రింద, ఇన్‌టేక్ మానిఫోల్డు మీద బిగిస్తారు. అమ్మేవారి వాదం ఇది: రెక్కల గుండా పోయే గాలి సుడి తిరుగుతుంది. సుడి తిరిగే గాలిలో పెట్రోలు బాగుగా కలుస్తుంది. బాగుగా కలిసిన పెట్రోలు పూర్తిగా మండుతుంది. పూర్తిగా మండినందున మైలేజీ పెరుగుతుంది. ఈ నాలుగు మెట్లలో ప్రతి మెట్టూ వినడానికి సమంజసంగానే తోస్తుంది. అందుచేతనే చదువుకున్నవారు సైతం దీనిని నమ్ముతున్నారు. విద్యాసంస్థల వైజ్ఞానిక ప్రదర్శనలలో కూడా ఇటువంటి నమూనాలు అప్పుడప్పుడు బల్లలపైకి ఎక్కుతున్నాయి.

ఈ వాదంలో సత్యమెంత, భ్రమ ఎంత అని విచారించి, ఈ విషయంలో మన కళాశాల ఏమి చేయవలెనో విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

ముందుగా కార్బురేటరు పనిచేసే విధానాన్ని గుర్తుకు తెచ్చుకొందాం. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో బెర్నౌలీ సిద్ధాంతం చదివిన విద్యార్థులకు ఇది కష్టం కాదు. గొట్టం సన్నబడిన చోట ప్రవాహ వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. కార్బురేటరులోని అట్టి సన్నని కంఠానికి వెంచురీ అని పేరు. ఇటలీ దేశపు భౌతిక శాస్త్రవేత్త వెంచురీ పేరు మీదుగా అది వచ్చినది. పిస్టను క్రిందికి దిగినప్పుడు గాలి ఈ కంఠం గుండా వేగంగా పోతుంది. అక్కడ పీడనం తగ్గుతుంది. ఫ్లోటు గిన్నెలోని పెట్రోలుపై మాత్రం అంతకంటె ఎక్కువ పీడనం ఉంటుంది. ఈ పీడన భేదం వలన పెట్రోలు జెట్టు గుండా ఎగసి, గాలి ప్రవాహంలో పడి తుంపరలుగా చీలిపోతుంది. పెట్రోలు సంపూర్ణంగా మండడానికి బరువులో దానికి సుమారు 14.7 రెట్లు గాలి కావలెను. ఈ పాళ్ళను ముఖ్యంగా నిర్ణయించేవి వెంచురీలోని పీడన భేదమూ, జెట్టు రంధ్రం పరిమాణమూ.

ఇప్పుడు ఫిల్టరు గొట్టంలో పుట్టిన సుడి గతి ఏమగునో చూడవలెను. అది మొదట వెంచురీ కంఠాన్ని దాటవలెను. తరువాత థ్రాటిల్ పలక ఎదురవుతుంది. ఇంజను బండిని లాగకుండా ఊరక తిరుగుతున్నప్పుడు ఆ పలక దాదాపు మూసుకొని ఉంటుంది. దాని అంచున మిగిలిన సన్నని సందు గుండానే గాలి దూరవలెను. అప్పుడు పలకకు ఆవలి వైపున పీడనం వాతావరణ పీడనంలో సగం కూడా ఉండదు. అట్టి స్థితిలో సందులోని గాలి ధ్వని వేగాన్ని అందుకుంటుంది. అనగా సెకనుకు 300 మీటర్లకు పైమాట. ఆ ఉధృతి ముందు రేకు రెక్కలు కల్పించిన మెల్లని సుడి ఏపాటిది? పట్టణ వీధులలో నడిచే బండికి థ్రాటిల్ కొద్దిగా మాత్రమే తెరుచుకొని ఉండే సమయమే ఎక్కువ. ఆ పైన మానిఫోల్డు వంపులు, చివరకు వాల్వు వద్దనున్న ఇరుకు సందు కూడా దాటవలెను. చెరువు తూము ముందర చేతితో నీటిని త్రిప్పి, తూము ఆవల కాలువలో అదే సుడి కొరకు వెదకడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే.

కార్బురేటరు క్రింద బిగించే పలకల సంగతి వేరు కదా అని కొందరు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. అక్కడ గాలిలో పెట్రోలు తుంపరలు ఇప్పటికే ఉన్నాయి. మానిఫోల్డు గోడలకు పెట్రోలు పొరగా అంటుకోవడం, నాలుగు సిలిండర్లకు సమానంగా అందకపోవడం కార్బురేటరు ఇంజన్లలో నిజంగానే ఉన్న లోపాలు. కాని సుడి ఈ లోపాన్ని తీరుస్తుందా, పెంచుతుందా? సుడి తిరిగే ప్రవాహంలో బరువైన కణాలు అపకేంద్ర బలం వలన బయటి వైపుకు విసరబడతాయి. ధాన్యం మిల్లులలో గాలి నుండి దుమ్మును వేరు చేయడానికి వాడే సైక్లోను ఈ సూత్రం మీదనే పనిచేస్తుంది. పెట్రోలు తుంపర గాలికంటె ఎన్నో రెట్లు బరువైనది. కావున సుడి బలంగా ఉంటే పెట్రోలు గాలిలో కలియుటకు మారుగా గోడలకు చేరే అవకాశమే ఎక్కువ. తయారీదారులు ఈ సమస్యకు వేరొక పరిష్కారం కనుగొన్నారు. మానిఫోల్డును సైలెన్సరుకు పోయే వేడి వాయువులతోనో, రేడియేటరు వేడి నీటితోనో వెచ్చబరచి, గోడలపై పడిన పెట్రోలును ఆవిరి చేశారు. ద్రవం ఆవిరి కావడానికి కావలసినది ఉష్ణం. ఆ ఉష్ణాన్ని రేకు రెక్క ఇవ్వజాలదు.

ఇక మూడవ విషయం. గాలి దారిలో పెట్టిన ప్రతి వస్తువూ ఒక అడ్డంకియే. అడ్డంకి వలన సిలిండరులోనికి చేరే గాలి తగ్గుతుంది. థ్రాటిల్ పూర్తిగా తెరచినప్పుడు ఇంజను ఇవ్వగల గరిష్ఠ శక్తి ఆ మేరకు తగ్గుతుంది. చలికాలం ఉదయాన బండి స్టార్టు చేయుటకు చోకు లాగుతాము. చోకు చేసే పని ఏమి? గాలి దారిని మూసి, మిశ్రమంలో పెట్రోలు పాలు పెంచడమే. గాలి గొట్టంలో అమర్చిన రెక్కలు కూడా, ఫ్లోటు గిన్నెకు బయటి గాలి నేరుగా అందే కార్బురేటర్లలో, కొద్దిపాటి చోకు వలె పనిచేస్తాయి. అనగా పొదుపు కొరకు కొన్న పరికరం పెట్రోలు ఖర్చును పెంచే ప్రమాదమూ కలదు.

అన్నింటికంటె ముఖ్యమైనది లెక్క. ఈ పరికరం ఆదా చేస్తానంటున్న పెట్రోలు ఎక్కడ ఉన్నది? సక్రమంగా ఉన్న ఇంజనులో, మిశ్రమం తగు పాళ్ళలో ఉన్నప్పుడు, ఇంధనంలోని శక్తిలో 95 నుండి 98 శాతం వరకు దహనంలో విడుదలవుతుంది. మండక మిగిలినది 2 నుండి 5 శాతం మాత్రమే. పెట్రోలు పూర్తిగా మండించడం వలన కలిగే లాభానికి ఇదే పైహద్దు. ఇరవై శాతం, ముప్పై శాతం అని చెప్పే ప్రకటనలు లేని నిల్వ నుండి సొమ్ము తీసి ఇస్తామంటున్నాయి. పెట్రోలు శక్తిలో నిజంగా పనిగా మారేది సుమారు నాలుగవ వంతు. మిగిలినదానిలో అధిక భాగం ఉష్ణరూపంలో రేడియేటరు ద్వారా, సైలెన్సరు ద్వారా పోతున్నది. అది మండని పెట్రోలు కాదు, మండిన తరువాత వృథా అయిన వేడి. ఇక మిశ్రమంలో పెట్రోలు మరీ ఎక్కువై నల్లని పొగ వచ్చే బండి మాట వేరు. అక్కడ కొరవడినది ఆక్సిజన్. గాలిని ఎంత త్రిప్పినా లేని ఆక్సిజన్ పుట్టదు. దానికి మందు జెట్టును, ఫ్లోటును సరిచేయడమే.

ఇంత చెప్పినందున సుడి అనే భావమే నిరర్థకమని పాఠకులు తలంచరాదు. సుడి చాలా విలువైనది. కాని అది ఉండవలసిన చోటు సిలిండరు లోపల, ఉండవలసిన క్షణం స్పార్కు పడే క్షణం. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజనులో పిస్టను ఒక్కసారి క్రిందికి దిగడానికి పట్టేది సెకనులో నూరవ వంతు. ఇంత స్వల్ప వ్యవధిలో మంట సిలిండరు అంతటా వ్యాపించాలంటే లోపలి వాయువు కల్లోలంగా ఉండవలెను. ఇరవయ్యవ శతాబ్ది తొలి భాగంలో బ్రిటిష్ ఇంజనీర్లు డ్యుగాల్డ్ క్లెర్క్, హ్యారీ రికార్డో ఈ సత్యాన్ని గ్రహించారు. రికార్డో సిలిండరు హెడ్డు ఆకృతినే మార్చి, స్పార్కు సమయానికి లోపల తగిన కల్లోలం పుట్టేటట్లు చేశాడు. 1970 దశకంలో జపాను దేశపు హోండా సంస్థ తయారుచేసిన సి.వి.సి.సి. ఇంజను పేరులోనే సుడి అనే అర్థమిచ్చే మాట ఉన్నది. అది కార్బురేటరు ఇంజనే. అందులో ప్రధాన గదికి తోడుగా మరొక చిన్న దహన గది, దానికొక ప్రత్యేక వాల్వు అమర్చారు. ఆ ఇంజను గల సివిక్ కారు 1975లో అమెరికాలోని కఠినమైన కాలుష్య నిబంధనలను కాటలిటిక్ కన్వర్టరు లేకుండానే తట్టుకొన్నది. 1981లో జాగ్వార్ సంస్థ తన 12 సిలిండర్ల ఇంజనులో స్విట్జర్లాండు ఇంజనీరు మైకేల్ మే రూపొందించిన సుడి దహన గదిని ప్రవేశపెట్టి, సంపీడన నిష్పత్తిని 12.5 వరకు పెంచి, ఇంధన వ్యయాన్ని తగ్గించినది.

ఈ ఉదాహరణలన్నింటిలోనూ ఇంజనీర్లు సిలిండరు హెడ్డు, వాల్వు, దహన గది ఆకృతులను కలిపి ఆలోచించారు. సంవత్సరాల తరబడి పరీక్షలు చేశారు. గొట్టంలో ఒక రేకు పెట్టినంత మాత్రాన అదే ఫలితం వచ్చేటట్లయితే, కొద్ది రూపాయల ఖర్చుతో పోటీదారులను ఓడించే అవకాశాన్ని ఏ కార్ల సంస్థ వదులుకొంటుంది?

పరీక్షల ఫలితాలు కూడా ఈ విచారణనే బలపరుస్తున్నాయి. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఎగుమతులపై ఆంక్షలు విధించిన తరువాత కొద్ది నెలలలోనే ముడి చమురు ధర సుమారు నాలుగు రెట్లయినది. పెట్రోలు ఆదా పరికరాలు అమెరికా మార్కెట్టును ముంచెత్తాయి. అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ నాటి నుండి 100కు పైగా ఇటువంటి పరికరాలను పరిశీలించినది. మైలేజీని గణనీయంగా పెంచే పరికరం ఒక్కటీ వాటిలో కనబడలేదు. 2005లో పాపులర్ మెకానిక్స్ పత్రిక గాలిని సుడి తిప్పే పరికరాలను ఇంజను శక్తిని కొలిచే యంత్రంపై పరీక్షించగా, శక్తి పెరగకపోగా తగ్గినట్లు తేలినది.

ఇంతకూ కార్బురేటరు కాలం గడిచిపోయినది కదా, ఈ చర్చ ఎందుకని ప్రశ్నించవచ్చు. మన రోడ్లపై దశాబ్దాల పాటు తిరిగిన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, 1983 డిసెంబరులో వచ్చిన తొలి మారుతి 800 కార్బురేటరు కార్లే. 2000 సంవత్సరం నాటికి కొత్త కార్లలో ఇంజక్షన్ పద్ధతి స్థిరపడినది. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్ 6 నిబంధనలు అమలులోనికి వచ్చిన తరువాత కొత్త మోటారు సైకిళ్ళలో కూడా కార్బురేటరు దాదాపు కనుమరుగైనది. అయినను పాత బండ్లు, చిన్న జనరేటర్లు నేటికీ కార్బురేటరుతోనే నడుస్తున్నాయి. విచిత్రమేమంటే ఇవే రెక్కలను ఇంజక్షన్ కార్లకు కూడా అమ్ముతున్నారు. ఆ కార్ల గాలి గొట్టంలో అసలు పెట్రోలే ఉండదు. అది వాల్వు వద్దనో, సిలిండరు లోపలనో చిమ్మబడుతుంది. పెట్రోలు లేని చోట పెట్రోలును కలపడం ఎట్లు?

మరి ఈ పరికరం వాడి లాభం పొందామని చెప్పేవారంతా అసత్యం చెబుతున్నారా? కాదు. పరికరం బిగించే రోజున మెకానికు ప్లగ్గులు శుభ్రం చేస్తాడు, ఎయిర్ ఫిల్టరు దులుపుతాడు, ట్యూనింగు సరిచూస్తాడు. కార్బురేటరు బండికి మూసుకుపోయిన ఫిల్టరు మార్చడం వలన మాత్రమే మైలేజీ 2 నుండి 6 శాతం పెరగవచ్చును. ఆ పుణ్యం రేకు రెక్క ఖాతాలో జమ అవుతుంది. సొమ్ము పెట్టి కొన్నవాడు మైలేజీ చూచుకోవాలనే ఆసక్తితో కొన్నాళ్ళు నిదానంగా నడుపుతాడు. పెట్రోలు ట్యాంకు నిండినదని మనం అనుకొనే హద్దు కూడా ఒక్కొక్కసారి ఒక్కొక్క రకంగా ఉంటుంది. 30 లీటర్లలో ఒక లీటరు తేడా వస్తే 3 శాతానికి పైగా లాభమో నష్టమో కనబడుతుంది. ఇవన్నీ కలిసి నిజాయితీపరుని చేత కూడా తప్పు సాక్ష్యం చెప్పిస్తాయి.

పోనీ, చవకైన వస్తువే కదా, నష్టమేమి అని మరికొందరు అంటారు. నష్టం ఎవరికో ఆలోచించవలెను. పెద్ద కారు గలవానికి పెట్రోలు పొదుపు ఒక ముచ్చట. పాత స్కూటరుపై ఊరూరు తిరిగి సరకులు అమ్ముకొనే చిన్న వ్యాపారికి అది నాటి కూటికి సంబంధించిన విషయం. ఆశ ఎవరికి ఎక్కువ అవసరమో వారికే ఇటువంటి వస్తువులు ఎక్కువగా అమ్ముడవుతాయి. మన విద్యార్థులలో పలువురి తండ్రులు, అన్నలు మెకానిక్కులుగా, డ్రైవర్లుగా శ్రమించి వారిని చదివిస్తున్నారు. వారి ఇండ్లకు మన చదువు ఏ విధంగా ఉపయోగపడినదన్న ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన బాధ్యత మనపై కలదు.

ఇటువంటి నమూనాలను ప్రదర్శనలో నిరాకరిస్తే విద్యార్థుల ఉత్సాహం నీరుగారిపోతుందని కొందరు పెద్దలు భావిస్తారు. ఆ ఆందోళనను గౌరవిస్తూనే ఒక మాట మనవి చేస్తాను. పరీక్షించని నమూనాకు బహుమతి ఇవ్వడం ప్రోత్సాహం కాజాలదు. కొలవకుండానే నమ్మవచ్చునని అది విద్యార్థికి నేర్పుతుంది. నమూనాను త్రోసిపుచ్చనవసరం లేదు. దాని ప్రక్కన కొలతల పట్టిక ఒకటి ఉండవలెనని నియమం పెడితే చాలును.

కొలవడానికి గొప్ప ప్రయోగశాలలు అక్కరలేదు. కార్బురేటరు గల చిన్న పెట్రోలు జనరేటరు, దానికి తగిలించిన కొన్ని బల్బులు, 100 మిల్లీలీటర్ల కొలపాత్ర, ఒక స్టాప్‌వాచీ ఉంటే చాలును. బల్బుల సంఖ్య మారనందున ఇంజనుపై భారం మారదు. 100 మిల్లీలీటర్ల పెట్రోలుతో ఇంజను ఎన్ని నిమిషాలు నడిచినదో వ్రాసుకోవలెను. రెక్క పెట్టి అయిదుసార్లు, తీసివేసి అయిదుసార్లు, చీట్లు వేసి వచ్చిన వరుసలో ఈ పరీక్ష జరపవలెను. కాలం చూచే విద్యార్థికి ఆ సమయంలో రెక్క ఉన్నదో లేదో తెలియనివ్వరాదు. ప్రయోగం ఆరుబయట, అధ్యాపకుల పర్యవేక్షణలో జరగవలెను. ఎందుకనగా పెట్రోలు మంటకు లొంగేది, ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడు ప్రాణాపాయకరమైనది. పాత మోటారు సైకిలుకు కొలిచిన పెట్రోలు సీసా వ్రేలాడదీసి మైలేజీ చూచే పద్ధతి మన ఉస్తాదులకు చిరపరిచితమే. వారిని ఈ పరీక్షకు గౌరవంగా ఆహ్వానిస్తే మన విద్యార్థులు వారి నుండి నేర్చుకొనేది ఎంతో ఉంటుంది. ఫలితం ఏదైనను ఉర్దూ, తెలుగు భాషలు రెండింటిలోనూ వ్రాసి ప్రదర్శనశాల గోడపై పెట్టవలెను. ఒకవేళ రెక్కకు అనుకూలంగా ఫలితం వస్తే అది కూడా అట్లే ప్రకటించవలెను.

ఈ చిన్న ప్రయోగానికి అవసరమైన కొద్దిపాటి సొమ్మును రాబోయే విద్యాసంవత్సరపు ప్రదర్శన నిధి నుండి మంజూరు చేయవలసినదిగా కళాశాల కమిటీ వారిని సవినయంగా కోరుతున్నాను.

అంతవరకు పెట్రోలు పొదుపు కోరేవారికి నమ్మదగిన మార్గాలు లేకపోలేదు. 1978లో ఏర్పడిన పెట్రోలియం పరిరక్షణ పరిశోధన సంఘం వారు చెప్పే సూచనలు పాతవైనా పనికివచ్చేవే. టైర్లలో గాలి సరిగా ఉంచుకోవడం, గంటకు 45 నుండి 55 కిలోమీటర్ల నిలకడ వేగంతో నడపడం, సిగ్నలు వద్ద ఇంజను ఆపడం, ఫిల్టరును, ప్లగ్గులను శుభ్రంగా ఉంచుకోవడం. వీటిని పెట్టెలో పెట్టి అమ్మడం ఎవరికీ సాధ్యం కాదు. బహుశా అందుచేతనే వీటికి ప్రకటనలు లేవు. విద్యార్థులు సెలవులకు ఇండ్లకు పోయినప్పుడు ఈ నాలుగు మాటలు తమవారికి చెప్పి, ఇంటి బండి టైర్లలో గాలి ఎంత ఉన్నదో తామే స్వయంగా చూడవలెనని నా కోరిక.